అందరూ చూడదగినది

జూన్ 3

చెవులబ్బాయికి,

అక్క రాస్తోంది. కుర్చీ ఉంటే కూర్చుని చదువు.

ముందు మంచి మాట. మీ సినిమా చూశాం. చివర్లో పేర్లు పడుతుంటే జనం లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు, నేను మాత్రం మునివేళ్ల మీద నిలబడి మరీ నీ పేరు చదివాను. 'శబ్దం' అని, దాని కింద నువ్వు. అచ్చుతప్పు లేదు. ప్రెస్సులో పొద్దస్తమానం ప్రూఫులు దిద్దే నా కంటికి తప్పు దొరకలేదంటే అది చిన్న విషయం కాదు. చిన్నప్పుడు గోడలకి చెవులానించి తిరిగినందుకు నీకు ఎన్ని దెబ్బలు పడ్డాయి! ఆ చెవులే ఇవాళ అన్నం పెడుతున్నాయి.

ఇక రెండో మాట. పోస్టరు మీద తాతా మనవరాలూ నవ్వుతున్న బొమ్మ, కింద 'అందరూ చూడదగినది' అని పెద్దక్షరాలు. అది నమ్మి చిట్టిని తీసుకెళ్లాను. దానికి ఎనిమిదేళ్లని నీకు గుర్తుందో లేదో. రెండు గంటల సేపు ఆ తాత మనవరాలికి కథలు చెప్పాడు, జడలు వేశాడు, హాలంతా ఆయన్ని ప్రేమించాం. తీరా చివరి పది నిమిషాల్లో, ఇంట్లో ఒక్కొక్కరినీ చంపుతున్నది ఆయనే అని తేల్చారు! నేనే కెవ్వుమన్నాను. చిట్టి అరవలేదు. నా చెయ్యి పట్టుకుంది, ఇంటికొచ్చే దాకా వదల్లేదు.

అప్పట్నుంచి అది మన నాన్న దగ్గరికి వెళ్లడం లేదు. మూడో ఏటి నుంచి తాతయ్య పక్కన తప్ప పడుకోని పిల్ల, దిండు తెచ్చుకుని నా మంచం ఎక్కింది. మీ బావ బస్సు తిప్పుకుంటూ వారానికి రెండ్రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. నేను ప్రెస్సుకి పోతే సాయంత్రం దాకా దానికి నాన్నే దిక్కు. ఆయన ఏమీ అనడం లేదు గానీ, దాని దుప్పటి రోజూ మడతపెట్టి తన మంచం మీదే ఉంచుతున్నాడు.

ఒకటి అడుగుతాను, వెటకారంగా జవాబివ్వకు. ఆ మలుపు రాసుకునేటప్పుడు, కుర్చీలో కూర్చుంటే కాళ్లు నేలకందని పిల్లలు కూడా వస్తారని మీలో ఒక్కరికైనా తోచిందా?

పక్కింటి ఫోనుకి చేయకు. అక్కడ నిలబడి మాట్లాడితే నా మాటలు నాకంటే ముందు వీధి చివరికి చేరతాయి. ఉత్తరమే రాయి.

కోపంగా ఉన్నా నీ క్షేమమే కోరే
అక్క

జూన్ 9

అక్కా,

కుర్చీ మీద రికార్డర్లున్నాయి, నిలబడే చదివాను.

ఇంతకీ సినిమా బాగుందా లేదా? అది ఒక్క ముక్క రాయలేదు! నువ్వే కెవ్వుమన్నావంటే మా దర్శకుడు ఆ ఉత్తరం ఫ్రేము కట్టించుకుంటాడు.

మేము ఆలోచించలేదనుకోకు. విడుదలకి ముందు నలభై మందికి వేసి చూపించాం. దర్శకుడు తెరకి వీపు పెట్టి కూర్చుని జనం ముఖాలే చూశాడు. హంతకుడు ఎవరో ముందే కనిపెట్టినవాళ్లని చీటీ మీద రాయమన్నాడు. ముగ్గురంటే ముగ్గురే. ఆ సంతోషంలో అందరికీ మిఠాయి పంచాడు. పిల్లలున్నారా అంటావు, ఉన్నారు. ఇద్దరు. నిర్మాతగారి పిల్లలు. వాళ్లకి కథ ముందే తెలుసనుకో.

సర్టిఫికెట్టు ఇచ్చినవాళ్లు రక్తం ఎన్ని చోట్ల ఉందో చూశారు. ఒక్క చుక్క లేదు. ఇక అడ్డేముంది?

పిల్లలన్నాక నాలుగు రోజులు జడుసుకుంటారు, ఐదో రోజు మరిచిపోతారు. చిట్టికి చెప్పు, ఆ తాత వేషం వేసినాయన బల్లిని చూస్తే బల్లెక్కే మనిషి. నేను కళ్లారా చూశాను.

అన్నట్టు, నాన్న ఇంకా ఆ పాత తోలు చెప్పులే వేసుకుంటున్నాడా? ఇంట్లో కూడా? అరిగిపోయి ఉంటాయి, జారితే ప్రమాదం. మెత్తటి రబ్బరువి ఒక జత పార్సిలు చేశాను. వాటినే వేసుకోమను. ముఖ్యంగా ఇంట్లో.

నీ తమ్ముడు

జూన్ 18

తమ్ముడికి,

నాలుగు రోజులన్నావు, పద్దెనిమిది అయ్యాయి.

నీ పార్సిలు అందింది. ఆరేళ్లుగా ఆయనకి ఒక చేతిరుమాలైనా పంపనివాడివి, ఉన్నట్టుండి చెప్పుల మీద పడ్డావేమిటి? మిల్లులో మిషను మీద పడినప్పటి నుంచీ ఆయన ఎడమ కాలు పొట్టి. ఆ చెప్పు కింద రెండు వేళ్ల మందం చెక్క ఆయనే బిగించుకున్నాడు. నువ్వు పంపినవి వేసుకుంటే మనిషి ఒక పక్కకి ఒరిగిపోతాడు. ఈ సంగతి ఎరగనివాడివా? ఇందులో ఏదో ఉంది.

తప్పులు పట్టడమే నా ఉద్యోగం, అందుకని ఇక్కడ కూడా వరసగా చూసుకుంటూ వచ్చాను. మొదట బడిలో ఎవరైనా కొట్టారేమోనని అనుమానించాను. వెళ్లి టీచరుని కూర్చోబెట్టి అడిగాను. పాపం ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత పక్కింటి కుక్కని అనుమానించాను. చివరికి మీ సినిమా పోస్టరు ఒకటి సంపాదించి చిట్టి ముందు పెట్టాను. అది బెదరలేదు. 'ఈయన ఉత్తుత్తి తాత' అని ఆ బొమ్మకి మీసాలు గీసింది కూడా. ఆయనకి బట్టతల, నాన్నకి తలనిండా జుట్టు. ఆయన పొడుగు, నాన్న నా భుజం దాకా వస్తాడు. ఆ తాతని చూసి భయపడని పిల్ల, ఈ తాతని చూసి ఎందుకు భయపడాలి?

నాన్న కుర్చీలో కూర్చుని ఉంటే అది దూరంగా ఆడుకుంటూనే ఉంటుంది. ఆయన లేచాడా, బల్ల కిందికి దూరి కళ్లు గట్టిగా మూసుకుంటుంది. ఏమైందే తల్లీ అంటే 'తాతయ్య వస్తున్నాడు' అంటుంది. ఎంత బుజ్జగించినా అంతకు మించి మాట రాదు.

చిట్టి భయానికి కారణం సినిమా కాదు. నాన్నే. నాకొక అనుమానం మొదలైంది, అది ఇక్కడ రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వూ ఏదో దాస్తున్నావు. నీకు తెలిసింది చెప్పు. నా కూతురి సంగతి ఇది, మొహమాటాలు పెట్టుకోకు.

అక్క

జూన్ 24
(కార్డు)

అక్కా,

నీ అనుమానం నిజమే. కారణం నాన్నే. నాకు మొదట్నుంచీ తెలుసు, చెప్పే ధైర్యం చాలక దాచాను. కొత్త సినిమా పని, రెండ్రోజులు గదిలోంచి కదిలే వీల్లేదు. వివరంగా రాస్తాను. అందాకా నాన్న దగ్గర ఈ మాట ఎత్తకు. తట్టుకోలేడు.

తమ్ముడు

జూన్ 27

అక్కా,

ఇది నాలుగో కాగితం. మొదటి మూడూ చెత్తబుట్టలో ఉన్నాయి.

నువ్వు ఎలాగూ కనిపెట్టేశావు కాబట్టి కొంత బరువు దిగింది. సినిమాలో మనుషులు నడుస్తుంటే వినిపించే అడుగులు వాళ్లవి కావు. మా గదిలో ఒక రాతి పలక, ఇసుక తొట్టె, నాలుగు చెక్క మెట్లు ఉంటాయి. తెర మీద మనిషిని చూస్తూ వాటి మీద మేమే నడుస్తాం. ఈ సినిమాలో హంతకుడు చివరిదాకా కనపడడు కదా, అడుగులే వినిపిస్తాయి. అందుకని దర్శకుడు ఆ అడుగుల కోసం నా ప్రాణం తీశాడు. ముప్పై రకాలుగా నడిచి చూపించాను. 'ఎవరో నటిస్తున్నట్టుందయ్యా, మనిషి నడిచినట్టు లేదు' అనేవాడు.

నిరుడు ఇంటికొచ్చినప్పుడు వరండాలో టేపు పెట్టుకుని కూర్చుంటే నువ్వు నవ్వావు. అప్పుడు నేను నాన్న నడక రికార్డు చేసుకున్నాను. సినిమా కోసం కాదు, నీ మీద ఒట్టు. ఇక్కడ కిటికీ లేని గదిలో ఒక్కణ్ణీ కూర్చుంటాను. టక్కుమని ఒక అడుగు, ఈడుస్తూ ఒక అడుగు, అది వింటుంటే పక్కగదిలో నాన్న తిరుగుతున్నట్టే ఉంటుంది. ఒకరోజు అది దర్శకుడి చెవిన పడింది. 'ఇదే! ఎక్కడ దాచావు ఇన్నాళ్లూ!' అని నన్ను వాటేసుకున్నాడు. వద్దని చెప్పడానికి నోరు రాలేదక్కా. ఆ మెచ్చుకోలుకి పడిపోయాను.

చిట్టి పుట్టినప్పట్నుంచీ ఆ అడుగులు వింటూ పెరిగింది. తెర మీద ముఖం ఎవరిదైతేనేం, చీకట్లో వచ్చినవి తాతయ్య అడుగులే. నీ మొదటి ఉత్తరం చూడగానే నాకు తెలిసిపోయింది. చెబితే తిడతావని చెప్పులు పంపాను, ఎంత తెలివో చూడు. నీకు అనుమానం వచ్చిందని తెలిశాక ఇక దాచి లాభం లేదు.

ఇందులో నాన్న తప్పు రవ్వంత లేదు. తన నడకని హంతకుడికి తగిలించానని తెలిస్తే ఆయన మనసు విరిగిపోతుంది. అందుకే ఎత్తొద్దన్నాను. నేనే వచ్చి కాళ్లు పట్టుకుంటాను.

తమ్ముడు

జూన్ 29

తమ్ముడికి,

కార్డు నిన్న ప్రెస్సులో అందింది. చదివాక నేనేం దిద్దానో నాకే తెలియదు.

ఎత్తొద్దన్నావు. ఎత్తకుండా ఎలా ఉంటాను? అలాంటప్పుడు ఒక్క పూటైనా చిట్టిని ఆయన దగ్గర వదలగలనా? దాన్ని పక్కింట్లో కూర్చోబెట్టి ఇంటికొచ్చాను. నాన్న వంటింట్లో కుళాయి విప్పి బాగుచేస్తున్నాడు. 'చిట్టిని ఏం చేశావు నాన్నా?' అన్నాను.

'ఏం చేశాను, పొద్దున లెక్కలు చెప్పబోయాను, రానంది' అన్నాడు.

మళ్లీ అడిగాను. ఈసారి అర్థమయ్యేలా అడిగాను.

చేతిలో పానా కింద పెట్టాడు. నా వైపు చూడలేదు. 'ఎవరన్నారు?' అన్నాడు. నీ కార్డు చేతికిచ్చాను. కళ్లజోడు తెచ్చుకుని రెండుసార్లు చదివాడు. 'వీడేం చూశాడట?' అన్నాడు. అంతే. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. కుళాయి బిగించాడు, నీళ్లు కారడం లేదని చూసుకున్నాడు, బట్టలు సంచిలో సర్దుకుని తన మిల్లు స్నేహితుడి ఇంటికి వెళ్లిపోయాడు.

ఎందుకు కాదనలేదురా? ఒక్కసారి 'లేదు' అంటే నమ్మడానికి సిద్ధంగా నిలబడ్డాను. అనలేదు. పోనీ ఒప్పుకున్నాడా అంటే అదీ లేదు. నీకు మొదట్నుంచీ తెలుసన్నావు. ఎప్పట్నుంచి? మన చిన్నప్పట్నుంచా? తెలిసి కూడా నా బిడ్డని ఇన్నేళ్లు ఆయన ఒళ్లో కూర్చోనిచ్చావా? ఆయన మీద ఎంత అనుమానమో నీ మీద అంతకు రెట్టింపు.

చిట్టి 'తాతయ్య ఏడీ' అని అడిగింది. ఊరెళ్లాడన్నాను.

అక్క

జూలై 2

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. 27న రాసింది అందిందా? అందకపోతే ఈ ఒక్క వాక్యం చదువు: నేను అన్నది నాన్న నడక గురించి, అడుగుల చప్పుడు గురించి. సినిమాలో హంతకుడి అడుగులు నాన్నవి. అంతకు మించి ఏమీ లేదు. ఏమీ లేదు. నువ్వు ఆ సంగతి కనిపెట్టావనుకుని కార్డు గీకి పడేశాను. ఇంకో నాలుగు ముక్కలు రాయడానికి బద్ధకించాను.

వెంటనే వెళ్లి నాన్నని తీసుకురా. నీ కాళ్లకి మొక్కుతాను.

దర్శకుడి దగ్గరికి వెళ్లాను. ఆ అడుగులు తీసేసి వేరేవి వేద్దామన్నాను. ఊళ్లన్నీ తిరుగుతున్న ప్రింట్లు ఎలా వెనక్కి తెప్పిస్తామన్నాడు. 'పోనీ పిల్లల గురించి మనం ఒక్కసారైనా అనుకున్నామా సార్?' అని అడిగాను. ఆయన అబద్ధమాడలేదు. 'ఎందుకనుకోలేదు? గట్టిగా అరుస్తారనుకున్నాం' అన్నాడు. నేనూ అదే అనుకున్నానని గుర్తొచ్చింది. బయటికొచ్చేశాను.

తమ్ముడు

జూలై 6

తమ్ముడికి,

నీ పెద్ద ఉత్తరం ఒకటో తారీఖున వచ్చింది. మూడు రోజులు ముందు రాసి ఉంటే! అవును, నేను మూడు రోజులు ఆగి ఉంటే అని నువ్వూ అంటావు. అను.

చదవగానే చిట్టిని ఒళ్లో కూర్చోబెట్టుకుని 'అడుగుల వల్లేనా?' అన్నాను. అది బోరుమంది. 'సినిమాలో వాడు తాతయ్య నడక దొంగతనం చేశాడు. ఇప్పుడు వచ్చేది తాతయ్యో వాడో నాకెలా తెలుస్తుంది?' అంది. నెల రోజులు ఆ పిల్ల దీన్ని మోసింది. బయటికి చెబితే వాడు వింటాడని భయపడిందట.

కట్టుకున్న చీరతోనే పరుగెత్తాను. నాన్న వాళ్ల పెరట్లో సైకిలు బాగుచేస్తున్నాడు. నీ ఉత్తరం ఇచ్చాను. చదివాడు. 'చెప్పి ఉంటే ఇంకాస్త బాగా నడిచేవాణ్ణి కదా' అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంటికొచ్చాక ఆయన చేసిన పని విను. వాకిట్లోనే చెప్పులు విప్పేసి, వాటిని చేత్తో పట్టుకుని కుంటుకుంటూ లోపలికొచ్చాడు. చిట్టి ముందు బోర్లించి పెట్టి, మేకులు పీకి, చెక్క ఊడదీసి చూపించాడు. 'మిషను చప్పుడు చేస్తే భయపడకూడదు, విప్పి చూడాలి. టక్కుమనేది ఇదుగో, ఈ ముక్క' అన్నాడు. మళ్లీ బిగించి దాని కాళ్లకే తొడిగాడు. అది టక్కు టక్కుమని ఇల్లంతా తిరిగింది. నాలుగో చుట్టుకి నవ్వింది. మీ దర్శకుడూ నువ్వూ, ఆ టీచరూ నేనూ ఎవరమూ చేయలేని పని పావుగంటలో చేశాడు.

నేను నిన్ను తిట్టే ఓపిక లేక ఊరుకుంటున్నాను. క్షమించానని అనుకోకు.

అక్క

జూలై 15

అక్కా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. బతికించారు, నాన్నా చిట్టీ కలిసి.

నీకో శుభవార్త. కొత్త సినిమాని ముందుగా ముప్పై మంది పిల్లలకి వేసి చూపించాలని పట్టుబట్టాను. కథ తెలిసిన పిల్లలకి కాదు, ఏమీ తెలియనివాళ్లకి. లేకపోతే పని మానేస్తానన్నాను. దర్శకుడు రెండ్రోజులు గొణిగి ఒప్పుకున్నాడు. ఈసారి నేనూ తెరకి వీపు పెట్టి కూర్చుంటాను.

వచ్చే నెలలో వస్తున్నాను. నాన్నని ఏమని క్షమాపణ అడగాలో నువ్వే చెప్పు. గండం గడిచింది కదా, ఇక అందరం కూర్చుని దీన్ని తలుచుకుని నవ్వుకోవచ్చు.

నీ తమ్ముడు

జూలై 24

తమ్ముడికి,

పిల్లలకి చూపించే ఆలోచన మంచిది. చేయి. వాళ్లని తీసుకొచ్చిన పెద్దవాళ్లతో కూడా వారం తర్వాత ఒకసారి మాట్లాడు. పిల్లలు ఇంటికెళ్లి ఏం చేస్తున్నారో, దాన్ని చూసి వీళ్లేం చేస్తున్నారో అడుగు.

చిట్టి మామూలుగానే ఉంది. పళ్లు రెండు ఊడాయి. నాన్న చెప్పులు వేసుకుని పక్కింటి పిల్లల్ని జడిపిస్తోంది. దుప్పటి మాత్రం ఇంకా నా మంచం మీదే ఉంది, దాని ఇష్టంతో కాదు. తాతయ్య దగ్గర పడుకుంటానని రోజూ పేచీ పెడుతుంది. ఆయన 'పెద్దదానివయ్యావు, అమ్మ దగ్గరే పడుకో' అంటాడు.

మొదట్లో నేను గమనించలేదు. ఇప్పుడు లెక్కలు కూడా వరండాలోనే చెబుతున్నాడు, వీధిలో వచ్చేపోయే వాళ్లందరికీ కనపడేలా కూర్చుని. గదిలో చిట్టి ఒక్కతే ఉంటే లోపలికి అడుగు పెట్టడు. అది ఒళ్లోకి ఎక్కబోతే ఎండగా ఉందనో మోకాలు నొప్పనో లేచి నిలబడతాడు.

క్షమాపణ అడగడం గురించి రాశావు. నేను అడిగాను. కాళ్ల మీద పడి ఏడ్చాను. లేవదీసి, 'తల్లివి, నువ్వు అడక్కపోతేనే తప్పమ్మా' అన్నాడు. నిజంగానే అన్నాడు, కోపం లేదు. నీ మీద కూడా లేదు. ఎంత వెతికినా నాకు కోపం దొరకలేదు, దొరికితే దాన్ని ఎలాగో తీర్చేదాన్ని.

నిన్న మధ్యాహ్నం నాన్న చెప్పాడని పక్కింటావిడ ప్రెస్సుకి ఫోను చేసింది, చిట్టికి జ్వరమని. పరుగున వచ్చాను. లోపల మంచం మీద నుంచి అది 'తాతయ్యా, నీళ్లు' అని పిలుస్తోంది. ఆయన నిండు గ్లాసు పట్టుకుని గుమ్మం ఇవతల నిలబడి ఉన్నాడు. 'ఇదుగో వస్తున్నానమ్మా, వస్తున్నా' అంటున్నాడు గానీ కదలడం లేదు. ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో, చొక్కా ముందంతా నీళ్లు ఒలికి తడిసిపోయింది. నన్ను చూడగానే పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

'ముందు నువ్వు పదమ్మా, నీ వెనకాలే వస్తాను' అన్నాడు.

అక్క